కలిపితే వెచ్చబడింది, కొలత తగ్గింది. మరి ధనాత్మక విచలనం ఎలా అయింది?

ఒడిశాలోని గుణుపురంలో బీఎస్సీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. 50 మిల్లీలీటర్ల ఇథనాల్, 50 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 100 రాలేదట, 96కీ 97కీ మధ్య ఆగిందట. బీకరు చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగిలిందట. పుస్తకంలో చూస్తే ఇథనాల్, నీరు జంట రౌల్ట్ నియమం నుంచి ధనాత్మక విచలనం చూపిస్తుందని ఉంది. ధనాత్మక విచలనమంటే ఘనపరిమాణం పెరగాలి, వేడి పీల్చుకోవాలి అని ఆ పక్కనే పట్టికా ఉంది. "నా ప్రయోగం తప్పా, పుస్తకం తప్పా? పైగా స్టాలగ్మోమీటరుతో (చుక్కలు లెక్కపెట్టే గొట్టంతో) తలతన్యత కొలిచి గ్రాఫు గీస్తే సరళరేఖ రాలేదు, గీత మొదట్లోనే కిందికి కుంగిపోయింది. వీటన్నిటికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందా?" అని అడిగింది.

అమ్మా, నీ ప్రయోగంలో తప్పేమీ లేదు. ఇథనాల్, నీటి జంటకు ధనాత్మక విచలనం ఉందన్న మాట కూడా నిజమే. తప్పంతా ఆ పట్టికలో ఉంది. మూడు వేర్వేరు విషయాలను ఒకే వరుసలో పెట్టి, ఒకటి ఉంటే మిగతా రెండూ ఉండాల్సిందే అన్నట్టు రాశారు.

నేను పర్లాకిమిడి వైపు కాలేజీల్లో ముప్ఫై ఏళ్లకు పైగా భౌతిక రసాయన శాస్త్రం చెప్పాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక కుర్రాడు రికార్డులో "మిశ్రమం వెచ్చబడింది" అని రాసుకొచ్చాడు. నేను ఎర్ర సిరాతో కొట్టేసి "చల్లబడింది" అని దిద్దాను. థర్మామీటరు చూడలేదు, పుస్తకం చూశాను. ఆ ఏడు వేసవి సెలవుల్లో స్వయంగా కలిపి చూసుకుంటే పాదరసం ఆరు డిగ్రీలు పైకెక్కింది. ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను కానీ, అప్పటికి మార్కులు వెళ్లిపోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే నీ ప్రశ్నకు కొంచెం ఎక్కువే రాస్తున్నాను.

మన గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగు పిల్లలకు పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, క్లాసులో మాట ఒడియాలో నడుస్తుంది, ఆలోచన మాత్రం తెలుగులో సాగుతుంది. కాబట్టి ముందే చెబుతున్నాను: నేను తలతన్యత అంటే నీ రికార్డులో సర్ఫేస్ టెన్షన్, బాష్పపీడనం అంటే వేపర్ ప్రెషర్, మోల్ భాగం అంటే మోల్ ఫ్రాక్షన్, క్రియాశీలతా గుణకం అంటే యాక్టివిటీ కోయెఫిషియెంట్.

రౌల్ట్ 1887లో చెప్పింది బాష్పపీడనం గురించి మాత్రమే. ద్రావణంలో ఒక ద్రవం మోల్ భాగం ఎంతో, దాని బాష్పపీడనం శుద్ధ ద్రవం బాష్పపీడనంలో అంత వంతు ఉండాలన్నాడు. అంతకంటే ఎక్కువ ఉంటే ధనాత్మక విచలనం. అంటే ఆ అణువులకు ఆ మిశ్రమంలో ఉండటం కంటే పైకి పోవడమే ఎక్కువ ఇష్టంగా ఉందన్నమాట. ఆ "ఇష్టాన్ని" కొలిచేది గిబ్స్ శక్తి. గిబ్స్ శక్తిలో రెండు భాగాలు ఉన్నాయి: ఎంథాల్పీ, అందులోంచి తీసేయాల్సిన ఉష్ణోగ్రత, ఎంట్రోపీల (అణువుల కలగాపులగం ఎంతో చెప్పే కొలత) లబ్ధం. బీకరు వెచ్చబడటం ఎంథాల్పీ చెప్పే మాట. కొలత తగ్గడం ఘనపరిమాణం చెప్పే మాట. విచలనం ధనాత్మకమా ఋణాత్మకమా అన్నది మొత్తం గిబ్స్ శక్తి చెప్పే మాట. ఎంథాల్పీ ఒక వైపు లాగుతుంటే ఎంట్రోపీ రెండో వైపు ఇంకా గట్టిగా లాగితే, గెలిచేది ఎంట్రోపీయే.

ఇథనాల్, నీటి విషయంలో జరిగేది సరిగ్గా అదే. 25 డిగ్రీల దగ్గర రెండూ సమాన మోల్‌లు కలిపితే, ఆదర్శ ద్రావణంతో (రౌల్ట్ నియమాన్ని అచ్చంగా పాటించేదానితో) పోలిస్తే అదనపు గిబ్స్ శక్తి మోల్‌కు సుమారు 700 జౌళ్లు, ప్లస్ గుర్తుతో. అదనపు ఎంథాల్పీ మాత్రం మైనస్ 400 జౌళ్ల దాపున ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య 1,100 జౌళ్ల తేడా ఉంది కదా, అదంతా ఎంట్రోపీ నష్టమే. అయినా అవి పూర్తిగా కలిసిపోతున్నాయంటే కారణం ఉంది. ఏ రెండు ద్రవాలు సమానంగా కలిసినా, కలగాపులగం అవడం వల్లనే వచ్చే లాభం 25 డిగ్రీల దగ్గర మోల్‌కు సుమారు 1,700 జౌళ్లు. ఈ 700 దాన్ని మింగలేదు.

నీ బీకరు లెక్క కూడా చూద్దాం. 50 మిల్లీలీటర్ల నీళ్లంటే 2.77 మోల్‌లు. 50 మిల్లీలీటర్ల ఇథనాల్ 39 గ్రాములు, అంటే 0.85 మోల్. మొత్తం 3.6 మోల్‌లు, అందులో ఇథనాల్ మోల్ భాగం దాదాపు 0.23. కలిపినప్పుడు వెలువడే వేడి మోల్‌కు గరిష్ఠంగా 800 జౌళ్లకు కాస్త తక్కువ. ఆ గరిష్ఠం మోల్ భాగం 0.15, 0.2 ప్రాంతంలో వస్తుంది కాబట్టి నీ మిశ్రమానికి 750 వేసుకోవచ్చు. అలా 2,700 జౌళ్లు అవుతుంది. మిశ్రమం బరువు 89 గ్రాములు, ఒక్కో గ్రాము ఒక్కో డిగ్రీకి సుమారు 4 జౌళ్లు తీసుకుంటుంది. అంటే ఏడున్నర డిగ్రీలు పెరగాలి. గాజు కూడా కొంత వేడి తాగేస్తుంది గనక నీకు ఐదారు డిగ్రీలు కనిపించి ఉంటుంది. మీ ల్యాబులో ఉండేది రెక్టిఫైడ్ స్పిరిట్ అయితే అందులో ముందే నీళ్లు ఉంటాయి, ఇంకో అర డిగ్రీ తగ్గినా కంగారు పడకు. కొలత లెక్కా సరిపోతుంది. 44 శాతం ఇథనాల్ ఉన్న మిశ్రమం సాంద్రత 0.923. 89 గ్రాములను దానితో భాగిస్తే 96.5 మిల్లీలీటర్లు.

మరి ఎంట్రోపీ ఎందుకు అంత పడిపోతుంది? ఇథనాల్ అణువుకు ఒక చివర హైడ్రాక్సిల్ ఉంది, అది నీటితో చక్కగా హైడ్రోజన్ బంధం కడుతుంది. రెండో చివర ఈథైల్ ఉంది, అది నూనె జాతి. దాని చుట్టూ ఉన్న నీటి అణువులు తమ బంధాలు తెంచుకోకుండా ఉండాలంటే కొన్ని దిక్కులకే తిరిగి నిలబడాలి. బంధాలు నిలిచాయి కాబట్టి వేడి బయటికొచ్చింది, స్వేచ్ఛ పోయింది కాబట్టి ఎంట్రోపీ తగ్గింది. 1945లో ఫ్రాంక్, ఎవాన్స్ దీన్ని నూనె జాతి అణువు చుట్టూ చిన్న మంచుగడ్డ కట్టినట్టుగా ఊహించారు. ఆ బొమ్మను అక్షరాలా నమ్మకు. 2002లో మిథనాల్, నీటి గాఢ మిశ్రమాన్ని న్యూట్రాన్ వివర్తనంతో పరిశీలించినప్పుడు, పైకి పూర్తిగా కలిసిపోయినట్టు కనిపించే ఆ ద్రవంలో అణువుల స్థాయిలో నీళ్లు ఒక జట్టుగా, ఆల్కహాల్ ఇంకో జట్టుగా ఉన్నాయని తేలింది. పూర్తిగా కలవకపోవడం వల్లనే అనుకున్నంత ఎంట్రోపీ రాలేదన్నది దాని అర్థం. నాకు ఈ రెండో వివరణే మరింత సబబుగా తోస్తుంది.

పట్టిక అసలు ఎక్కడా పనికిరాదని కాదు. అసిటోన్, కార్బన్ డైసల్ఫైడ్ కలిపితే నిజంగానే చల్లబడుతుంది, ధనాత్మక విచలనమే. అసిటోన్, క్లోరోఫారం కలిపితే వేడెక్కుతుంది, ఋణాత్మక విచలనమే. హైడ్రోజన్ బంధాల వల గట్టిగా ఉన్న నీళ్లు ఒక పక్షంగా ఉన్నప్పుడే అది తరచుగా తప్పుతుంది. ట్రైఈథైల్ అమీన్ చూడు. నీటితో కలిస్తే వేడి వెలువరిస్తుంది. పట్టిక ప్రకారం అది విడదీయరాని జంట అయి ఉండాలి. కానీ సుమారు 18, 19 డిగ్రీలు దాటగానే చాలా పాళ్లలో రెండు పొరలుగా విడిపోతుంది. కోరాపుట్ శీతాకాలపు రాత్రి ఒకే ద్రవంగా ఉన్న సీసా, పర్లాకిమిడి మధ్యాహ్నానికి రెండు పొరలు చూపిస్తుంది. వేడి చేస్తే విడిపోయేదంటే అక్కడ విడదీసేది ఎంట్రోపీ అని అర్థం, ఎందుకంటే గిబ్స్ శక్తిలో ఎంట్రోపీ పక్కనే ఉష్ణోగ్రత నిలబడి ఉంటుంది.

ఇథనాల్‌లోని విచలనం ఎంత పెద్దదో మన కొండల్లోనే ఒక సాక్ష్యం ఉంది. రాయగడ, కోరాపుట్ ఊళ్లలో ఇప్పపువ్వు నానబెట్టి, పులియబెట్టి సారా కాస్తారు, ఒడియాలో మహులి అంటారు. మొదట దిగే ధారే ఘాటైనదని కాచేవాళ్లందరికీ తెలుసు. 5 శాతానికి కాస్త తక్కువ ఇథనాల్ ఉన్న ఊట మరిగిందనుకో. రౌల్ట్ నియమం ప్రకారమైతే మొదటి ఆవిరిలో బరువు లెక్కన 10 శాతం ఇథనాల్ మాత్రమే ఉండాలి. నిజంగా కొలిస్తే 34 శాతం ఉంటుంది. పలుచటి ఊటలో ఇథనాల్ క్రియాశీలతా గుణకం, అంటే రౌల్ట్ లెక్కకు అసలు బాష్పపీడనం ఎన్ని రెట్లో చెప్పే అంకె, ఆ వేడి దగ్గర నాలుగున్నర దాటడమే కారణం. నీళ్లు దాన్ని బయటికి తోస్తున్నాయి. అదే విచలనం రెండో చివర అడ్డం తిరుగుతుంది. 95.6 శాతం దగ్గర, 78.2 డిగ్రీల వద్ద ఆవిరీ ద్రవమూ ఒకే పాళ్లలో ఉంటాయి, మామూలుగా ఎన్నిసార్లు కాచినా అది దాటదు. రెక్టిఫైడ్ స్పిరిట్ ఆ అంకె దగ్గరే ఆగిపోవడం అందుకే.

ఇక నీ గ్రాఫు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

25 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, ఇథనాల్‌ది 22. బరువు లెక్కన 10 శాతం ఇథనాల్ కలిపిన నీటికి 47.5. ఆ 10 శాతాన్ని మోల్ భాగంలోకి మారిస్తే 0.042 మాత్రమే. అంటే వంద అణువుల్లో నాలుగు ఇథనాల్ అణువులు చేరేసరికి 72 నుంచి 22 వరకు జరగాల్సిన దిగుడులో సగం అయిపోయింది. ఆ నాలుగూ ద్రవం అంతటా సమానంగా పరుచుకోలేదు. ఈథైల్ చివర గాలి వైపుకు, హైడ్రాక్సిల్ చివర నీటి వైపుకు పెట్టుకుని ఉపరితలానికి చేరాయి. ఆవిరిగా పారిపోవాలన్న తొందర, పైపొరకు చేరాలన్న తొందర ఒకటే. లోపల ఇమడలేకపోవడమే రెండింటికీ మూలం. నువ్వు అడిగిన సంబంధం ఇదే.

అయితే ఒక జాగ్రత్త. గీత సరళరేఖ కాలేదు కాబట్టి ద్రావణం ఆదర్శం కాదు అని రాయకు. ఆదర్శ ద్రావణమైనా గీత కిందికే కుంగుతుంది. తలతన్యత తక్కువున్న ద్రవం పైపొరలో ఎక్కువగా చేరడం ఆదర్శ ద్రావణంలో కూడా జరుగుతుంది. 1932లో బట్లర్ ఒక ఆలోచన ఇచ్చాడు. ఉపరితలాన్ని ఒక్క అణువు మందం ఉన్న వేరే దశగా భావించి, లోపలి ద్రవంతో అది సమతాస్థితిలో ఉందనుకుని లెక్క కట్టమన్నాడు. ఒక్కో అణువు పైపొరలో 0.2 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుందని మోటుగా అనుకుని నేను ఆ 0.042 మోల్ భాగానికి లెక్క వేశాను. సరళరేఖ ప్రకారం 70 రావాలి. ఆదర్శ ద్రావణమైతే 64, 65 వస్తుంది. ఇథనాల్ మోల్ భాగాన్ని దాని క్రియాశీలతా గుణకంతో, అంటే 25 డిగ్రీల దగ్గర పలుచటి ద్రావణంలో సుమారు మూడున్నరతో, గుణించి అదే లెక్క వేస్తే 52 దాకా దిగుతుంది. కొలత 47.5. మిగిలిన తేడా, నీటి అణువుకూ ఇథనాల్ అణువుకూ ఒకే చోటు ఇచ్చేయడం లాంటి మోటుదనాల వల్ల. కానీ చూడు, 65 నుంచి 52కు దింపింది ఆదర్శం తప్పడమే, మరేదీ కాదు. ఆవిరిలో 10 శాతాన్ని 34 చేసిన ఆ గుణకమే ఇక్కడ పైపొరలోనూ పని చేసింది.

గిబ్స్ 1876, 78 మధ్య అచ్చయిన తన పెద్ద వ్యాసంలో ఇచ్చిన సమీకరణంతో పైపొరలో ఎంత ఇథనాల్ అదనంగా చేరిందో నీ గ్రాఫు నుంచే తీయొచ్చు. మాటల్లో చెబితే: తలతన్యతలో తగ్గుదలను, క్రియాశీలత (మోల్ భాగం, క్రియాశీలతా గుణకాల లబ్ధం) సహజ లాగరిథమ్‌లో పెరుగుదలతో భాగించి, ఆ ఫలితాన్ని ఆర్‌టీతో, అంటే వాయు స్థిరాంకం, కెల్విన్ ఉష్ణోగ్రతల లబ్ధంతో, భాగించాలి. 5 శాతానికి 55.7, 15 శాతానికి 42.1 తీసుకో. తగ్గుదల 13.6 మిల్లీన్యూటన్లు. మోల్ భాగం 0.020 నుంచి 0.065కు పెరిగింది, సహజ లాగరిథమ్‌లో 1.16 తేడా. ఆర్‌టీ 2,479. భాగిస్తే చదరపు మీటరుకు 4.7 మైక్రోమోల్‌లు, అంటే ఒక్కో ఇథనాల్ అణువుకు 0.35 చదరపు నానోమీటర్లు. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. నువ్వు ఆపకు. గాఢత పెరిగేకొద్దీ క్రియాశీలతా గుణకం తగ్గుతుంది, కాబట్టి క్రియాశీలతలో అసలు పెరుగుదల 1.16 కంటే తక్కువ. ఆ సవరణ కలిపితే అణువుకు 0.3 చదరపు నానోమీటర్ల దాపుకు వస్తుంది. అంటే పైపొర దాదాపుగా ఇథనాల్‌తో నిండిపోయింది. లోపల వందకు ఆరో ఏడో ఉన్నప్పుడే!

స్టాలగ్మోమీటరు దగ్గర ఇది కంటికే కనబడుతుంది. రెండు గీతల మధ్య నీళ్లు 40 చుక్కలుగా పడే గొట్టం అనుకో. సాంద్రత సవరణతో లెక్క వేస్తే 10 శాతం ఇథనాల్‌కు అవి సుమారు 60 అవుతాయి, 50 శాతానికి 94, శుద్ధ ఇథనాల్‌కు 104. మొదటి 10 శాతానికే 20 చుక్కలు పెరిగాయి, చివరి 50 శాతానికి పదే పెరిగాయి. నీ రీడింగులు మొదట్లో దట్టంగా లేకపోతే ఈ మలుపు గ్రాఫులో పోతుంది. అందుకని సున్నా, 2, 5, 8, 10, 15, 20 శాతాల దగ్గర తీసుకుని, ఆ తర్వాత 30, 50, 75 సరిపెట్టుకో. చుక్కలు నిమిషానికి పదిహేనుకు మించి పడనీయకు. గొట్టం కొసను వేలితో తాకితే చర్మం జిడ్డు అంటి చుక్క పరిమాణమే మారిపోతుంది, క్రోమిక్ ఆమ్లంతో కడిగించి నీళ్లతో బాగా తొలిచాకే మొదలుపెట్టు. స్పిరిట్ పక్కన బర్నర్ వెలగకూడదు.

ఇంకో చిన్న సంగతి చూసి రా. 40 శాతం మిశ్రమం ఉన్న బీకరును కాస్త వంచి నిలబెట్టి, తడిసిన గోడను వెలుతురుకు ఎదురుగా గమనించు. పల్చటి పొర పైకి పాకి, అంచు కట్టి, కన్నీటి బొట్లలా కిందికి జారుతుంది. ఆ పొరలోంచి ఇథనాల్ ముందుగా ఎగిరిపోతుంది, అక్కడ తలతన్యత పెరుగుతుంది, ఎక్కువ తలతన్యత ఉన్న చోటు కింది ద్రవాన్ని పైకి లాగుతుంది. జేమ్స్ థామ్సన్ 1855లోనే దీనికి ఈ కారణం చెప్పాడు. ఇప్పుడు మనం మారంగోని ప్రభావం అంటున్నది ఇదే. ముందుగా ఎగిరిపోవడమూ, తలతన్యత అంత తొందరగా మారిపోవడమూ రెండింటి వెనకా ఆ క్రియాశీలతా గుణకం పాత్ర ఉంది.

రికార్డులో ఏం రాయాలంటావా? చూసింది చూసినట్టు రాయి: ఉష్ణోగ్రత ఇన్ని డిగ్రీలు పెరిగింది, ఘనపరిమాణం ఇంత తగ్గింది. కింద, "25 డిగ్రీల వద్ద అదనపు ఎంథాల్పీ, అదనపు ఘనపరిమాణం ఋణాత్మకం, ఉష్ణోగ్రత, అదనపు ఎంట్రోపీల లబ్ధం అదనపు ఎంథాల్పీ కంటే మరింత ఋణాత్మకం కావడం వల్ల అదనపు గిబ్స్ శక్తి ధనాత్మకం, కాబట్టి రౌల్ట్ నియమం నుంచి ధనాత్మక విచలనం" అని రాయి. వైవాలో ఎవరైనా పట్టిక చూపించి అడిగితే, మర్యాదగా థర్మామీటరు రీడింగు చూపించి, అసిటోన్, కార్బన్ డైసల్ఫైడ్ జంటకు పట్టిక సరిపోతుందని, నీళ్లున్న జంటలకు సరిపోకపోవచ్చని చెప్పు. థియరీ పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్నగా పట్టికే అడిగితే పట్టికలో ఉన్నదే రాసి, కింద ఒక్క వాక్యంలో ఈ మినహాయింపు చేర్చు. 2, 5, 8 శాతాల రీడింగులు తీశాక చుక్కల లెక్క నాకు పంపు, పైపొర చోటు ఎంతొచ్చిందో కలిసి చూద్దాం.